వేషమునకు చేసిన నమస్కారము

1987వ సంవత్సరము జనవరి 25వ తేదీ ఆదివారము ఉదయము రామానంద్ సాగర్ నిర్మించిన ‘రామాయణ్’ ధారావాహిక దూరదర్శన్‌లో మొదలయ్యెను. మఱుసటి సంవత్సరము జూలై 31వ తేదీ వఱకు, 78 భాగములుగా, ఆదివారము తరువాత ఆదివారము అది సాగినది. దాని భాష హిందీ. ఐనను హిందీ పలుకు ఒక్కటియు ఎఱుగని తెలుగు పల్లెలలోని ముదుసళ్లు సైతము దాని ముందు కదలక కూర్చుండిరి. కథ తెలిసినవారికి భాషతో పనియేమి? ఆ వేళకు వీధులు నిర్మానుష్యము లగుచుండెను. టెలివిజన్ గల యింటి వసారాలో ఇరుగుపొరుగువారెల్లరు చేరుచుండిరి. స్నానముచేసి, పాదరక్షలు వెలుపల విడిచి, పెట్టెకు పూలమాల వేసి, అగరువత్తి వెలిగించి, తెరపై శ్రీరామచంద్రుడు కన్పడినంతనే చేతులు జోడించినవారు దేశమంతట పెక్కండ్రు.

దీనిని చూచి నవ్వినవారును లేకపోలేదు. గాజుపలకపై కదలు నీడలకు హారతియా? కిరీటము తీసి ప్రక్కనుంచి తేనీరు త్రాగుచు కూర్చుండు నటునికి దండమా? అని విద్యావంతులు కొందఱు పరిహసించిరి. పరిహాసమును త్రోసిపుచ్చుట సులభమే. దానికి సమాధానము చెప్పుట అంత సులభము కాదు. ఏలయన ఆ పరిహాసము లోపల నిజమైన ప్రశ్న యొకటి దాగియున్నది. వేషమునకు చేసిన నమస్కారము ఎవరికి చేరును? వేషధారికా? ఆ వేషము ఎవరిదో ఆ దేవునికా? లేక ఎవరికిని చేరక నడిదారిలో నశించునా? చేరినచో, దానిని అందుకొన్నవానిపై ఏదేని బాధ్యత ఏర్పడునా, ఏర్పడదా?

ఈ ప్రశ్న మూలము వెదకుటకు ఆ ధారావాహికలోని ఒక ఘట్టమే మనకు చాలును. అది సీతాపహరణము. దుఃఖభరితమైన ఘట్టమని దానిని ఎన్నుకొనుట కాదు. ఆ కథలోనే ఒక వేషము కలదు. ఆ వేషమునకు ఒక నమస్కారమును కలదు.

వాల్మీకి మహర్షి అరణ్యకాండములో ఆ సందర్భమును ఎట్లు నడిపినాడో ఒక్కసారి స్మరింతము. రాముడు మాయామృగము వెంట పోయెను. లక్ష్మణుడు అన్నగారిని వెదకుచు పోయెను. పర్ణశాలలో సీతాదేవి ఒంటరిగా నున్నది. అప్పుడు రావణుడు పరివ్రాజక రూపముతో వచ్చెను. కాషాయవస్త్రము, శిఖ, గొడుగు, పాదుకలు, ఎడమ భుజమున దండ కమండలువులు, నోట వేదఘోష. వానిని చూచి జనస్థానములోని చెట్లు కదలుట మానినవనియు, గాలి వీచుట మానినదనియు, వడిగా పాఱు గోదావరి సైతము భయముతో మెల్లగా పాఱసాగినదనియు మహర్షి వర్ణించెను. ఈ గోదావరి మనదే. పంచవటి నాసిక నగరముచెంత గలదని లోకప్రసిద్ధి. భద్రాచలమునకు సమీపమునందలి పర్ణశాలయే ఆ స్థలమని తెలుగువారి విశ్వాసము. ఎక్కడిదైనను నది యొక్కటే. చెట్టు గుర్తించినది, గాలి గుర్తించినది, నీరు గుర్తించినది. సీత మాత్రము గుర్తింపలేదు.

గుర్తింపకపోవుటయే గాదు, పూజించెను. ఆ వచ్చినవాడు రాగానే ఆమె సౌందర్యమును అంగాంగముగా పొగడనారంభించెను. వేషము జారకమున్నే మాట జారినది! సన్న్యాసి నోట రాదగని మాటలవి. సీత వినలేదా? వినెను. ఐనను వచ్చినవాడు ద్విజుని వేషముతో నున్నాడు, అతిథిగా నిలిచియున్నాడు. అట్టివానిని కాదని త్రోసివేయుట తగదని తలచి ఆసనమిచ్చి, పాద్యమిచ్చి, సిద్ధముగా నున్న ఆహారమును స్వీకరింపుమని ప్రార్థించెను. బదులు పలుకకున్న శపించునేమోయని సంకోచించి తన వృత్తాంతమంతయు చెప్పుకొనెను.

సీత మోసపోయినదని లోకము చెప్పును. ఈ మాటను తొందరపడి ఒప్పుకొనరాదు. మోసము జరిగినది, నిజమే, మోసగించినవాడు గలడు. కాని సీత చేసిన పని యేమి? ఆమె నమస్కరించినది ఆ పది తలలవానికి కాదు. కాషాయమునకు, దండకమండలువులకు, వేదఘోషకు, గడపలో నిలిచిన అతిథికి ఆమె నమస్కరించెను. అవి అన్నియు నమస్కారార్హములే. ఆమె ధర్మము ఆమె చేసెను. ఆ నమస్కారమును దొంగిలించినవాడు ఒక్కడు మాత్రమే, లోపమంతయు వానిది. నేటికిని దొంగసాధువు ఒకడు పట్టుబడినపుడు ‘వానికి ఏల మ్రొక్కితివి?’ అని మ్రొక్కినవారిని నిందించుట మన సంఘములో పరిపాటి. వాల్మీకి అట్లు నిందింపలేదు. అపహరణవేళ రావణునే వనదేవతల యెదుట, జటాయువు యెదుట, నది యెదుట నిలబెట్టి వాని చౌర్యమును చాటించెను.

ధారావాహికలో ఈ ఘట్టమునకు లక్ష్మణరేఖ చేరినది. వాల్మీకములో ఆ గీత లేదు. అది తరువాతి రామాయణములనుండి వచ్చినది. తెలుగున గోన బుద్ధారెడ్డి పేర వెలసిన రంగనాథరామాయణమునందును లక్ష్మణుడు గీతలు గీయు కథ కలదు. సాగర్ తన ధారావాహికకు ఆధారములుగా పేర్కొన్న పెక్కు రామాయణములలో మన రంగనాథ రామాయణమును ఒకటి యగుట తెలుగువారికి సంతోషము గూర్చు విషయము. గీత యున్నందున తెరపై ఈ సందర్భము మఱింత స్పష్టమైనది: కపటసాధువు గీతకు ఆవల నిలిచి భిక్ష యడుగును, గీత దాటి వచ్చి యిచ్చిననే గాని పుచ్చుకొనననును, భిక్ష లేక మఱలిపోవుటకు సిద్ధపడును. భిక్షుకుడు రిక్తహస్తములతో పోవుటను సహింపలేని గృహిణి గీత దాటును. ఆమెను గీత దాటించినది లోభము కాదు, భయము కాదు, దానబుద్ధి. దొంగ దేనిని ఆయుధముగా వాడుకొనెనో చూడుడు. ఆమెలోని మంచితనమునే వాడుకొనెను.

తెరపై ఆ కపటసాధువు వేషము వేసిన నటుని పేరు అరవింద్ త్రివేది. గుజరాతీ రంగస్థలముపై, చలనచిత్రములలో పేరుగాంచినవారు. కావున ఆ దృశ్యములో వేషములు రెండు, ఒకదాని లోపల నొకటి: నటుడు రావణుని వేషము వేసికొన్నాడు, రావణుడు సన్న్యాసి వేషము వేసికొన్నాడు. ఒకే ముఖము, ఒకే కాషాయము. నటుని వేషమును కళ యనుచున్నాము, రావణుని వేషమును పాపమనుచున్నాము. భేదమెక్కడ నున్నది?

ఈ భేదమును చక్కగా చూపు చిన్నకథ యొకటి శ్రీరామకృష్ణ పరమహంస చెప్పుచుండెడివారు. ఒక పగటివేషగాడు సర్వసంగపరిత్యాగియైన సాధువు వేషముతో ధనికుల యింటికి వచ్చెను. వేషము అతికినట్లున్నది. వారు మెచ్చి ఒక రూపాయి ఇయ్యబోగా, అతడు వలదని తల యూపి వెడలిపోయెను. కొంతసేపటికి ముఖము కడిగికొని, తన మామూలు బట్టలతో వచ్చి, ఇప్పుడు ఆ రూపాయి ఇప్పింపుడనెను. అప్పుడు పుచ్చుకొనక ఇప్పుడేల అని వారడుగగా, అప్పుడు తాను సాధువు వేషములో నుంటిననియు, ఆ వేషములో డబ్బు తాకరాదనియు బదులు చెప్పెను.

పగటివేషములు మన తెలుగునాట ఊరూర ఎఱిగినవే. వేషగాడు బీదవాడు, ఆ రూపాయి అతనికి అవసరము, దానికే అతడు వచ్చినాడు. ఐనను వేషములో నున్నంతసేపు వేషమునకు కట్టుబడినాడు. తన కూలి తన పేర అడిగి తీసికొన్నాడు, సాధువు పేర తీసికొనలేదు. రావణుడు దీనికి సరిగా వ్యతిరేకము. వానికి సమస్తమును కలదు, స్వర్ణలంక కలదు. ఐనను వేషమునకు వచ్చినదానిని తన కొఱకు పట్టుకొనిపోయెను. వేషము ధరించుట ఇద్దఱికిని సమానమే. వేషమునకు చేసిన నమస్కారమును వేషధారి యేమి చేసెననుటలోనే భేదమంతయు నున్నది.

ఇక ప్రేక్షకుని వైపునుండి చూతము. నమస్కారము వేషధారి వద్ద ఆగిపోక ముందునకు పోవునా? మన ఆలంకారికులు శతాబ్దములుగా దీనినే చర్చించిరి. తెరపై రాముని చూచి మనకు కలుగు భావము ఎవరిది? రసము ముఖ్యముగా రామునియందే యుండుననియు, నటునిపై అది ఆరోపింపబడుననియు భట్టలోల్లటుడు చెప్పెను. శ్రీశంకుకుడు చిత్రతురగన్యాయమును ముందునకు తెచ్చెను. గోడపై గుఱ్ఱము బొమ్మను చూచి బాలుడు ‘గుఱ్ఱము’ అనును. అది నిజమైన గుఱ్ఱమను భ్రాంతి అతనికి లేదు. అది గుఱ్ఱము కాదను తిరస్కారమును లేదు. అవునో కాదో యను సందేహమును లేదు. ఈ మూటికిని వేఱైన జ్ఞాన మొకటి కలదు. నటుని చూచి ‘ఇతడు రాముడు’ అనునది అట్టిదే. పరిహసించిన విద్యావంతులు ఇక్కడనే పొరబడిరి. అగరువత్తి వెలిగించిన ముత్తవ్వ పెట్టెలో రాముడు కూర్చున్నాడని భ్రమపడలేదు. పెట్టె యేదో, నటుడెవడో, రాముడెవరో ఆమెకు తెలియును. విగ్రహారాధన అలవడిన జాతికి చిత్రతురగమును వేఱుగ నేర్పనక్కఱలేదు.

వేయి యేండ్లకు పూర్వము కాశ్మీరమున అభినవగుప్తుడు ఈ చర్చను మఱొక మెట్టు పైకి కొనిపోయెను. రసము రామునియందు గాని నటునియందు గాని లేదు. సహృదయుని చైతన్యమునందే కలదు. మఱి నటుడెవడు? పాత్ర. పాత్ర యనగా గిన్నె. మద్యము పోసిన గిన్నె మద్యపు రుచి ఎఱుగదు, రుచి త్రాగువానిది. ఐనను గిన్నె లేక త్రాగుటయు లేదు. నాటకములోని భూమికను తెలుగువారు నేటికిని ‘పాత్ర’ యనియే పిలుచుచున్నారు. వంటింట గిన్నెను పిలుచునదియు ఆ మాటతోనే. మాట నిత్యము నోట నాడుచున్నను లోపలి యర్థము మఱచితిమి.

గిన్నె రుచి చూడదు. కాని కడుగని గిన్నెలో పోసిన పాలు విఱిగిపోవును. ఇక్కడ నటుని బాధ్యత మొదలగుచున్నది.

రామపాత్రధారి అరుణ్ గోవిల్ తాను సిగరెట్టు మానిన వృత్తాంతమును స్వయముగా చెప్పియున్నారు. దక్షిణాదిలో దేవుని పాత్ర ధరించి నటించుచున్న ఒకనాడు, విరామసమయమున, తెఱ చాటునకు పోయి పొగత్రాగుచుండగా ఎవరో ఒకడు చూచి కోపముతో తన భాషలో ఏదేదో తిట్టినాడట. ఆ భాష ఆయనకు తెలియదు. తెలిసినవారిని అడుగగా, ‘మేము మిమ్ము దేవుడని తలచుచున్నాము, మీరిక్కడ కూర్చుండి పొగ త్రాగుచున్నారా?’ అని దాని తాత్పర్యమని చెప్పిరట. నాటినుండి ఆయన సిగరెట్టు ముట్టలేదట. తిట్టినవాని వాదము న్యాయశాస్త్రమున నిలువదు. నటుడు వ్రతము పట్టినవాడు కాడు, విరామవేళ ఆతని సొంతము, పొగత్రాగుట ఆతని యిష్టము. ఇవన్నియు చెప్పి తప్పించుకొనవచ్చును. ఆయన తప్పించుకొనలేదు. కోరకయే తన ఖాతాలో పడిన నమస్కారమును ఋణముగా లెక్కించుకొనిరి.

ఆ ఋణము మఱొక రూపమునను వసూలైనది. రామాయణ్ తరువాత తనకు వాణిజ్యచిత్రములలో అవకాశములు సన్నగిల్లినవని ఆయన పలుమాఱులు చెప్పిరి. ప్రజలు రామునిగా చూచినవానిని సామాన్య నాయకునిగా చూపుటకు నిర్మాతలు జంకిరి. 2022లో కూడ ఒక విమానాశ్రయమున ఒక స్త్రీ ఆయన పాదములయెదుట సాష్టాంగపడిన దృశ్యము దేశమంతయు చూచినది. అప్పటికి ధారావాహిక ముగిసి ముప్పదినాలుగేండ్లు. ఆ దృశ్యములో ఆయన ముఖమున సంతోషముకంటె ఇబ్బందియే హెచ్చుగా కన్పట్టుచున్నది. నమస్కారము అందుకొనువానికి ఇబ్బందిగా నుండుట మంచి గుర్తు.

తెలుగువారికి ఇది క్రొత్తగాదు. నందమూరి తారకరామారావు 1961లో ‘సీతారామకల్యాణము’న రావణుడు, 1963లో ‘లవకుశ’లో రాముడు. రెండేండ్ల యెడములో ఒకే మనిషిని రాక్షసునిగను దేవునిగను చూచి, రెండింటికిని కన్నీరు పెట్టుకొన్నవారు మనవారు. తిరుపతి దర్శనము ముగించుకొని మద్రాసు పోయి ఆయన యింటిముంగిట నిలిచిన యాత్రికుల సంగతి నేటికిని చెప్పుకొందురు. 1983లో ఆయన ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి యయ్యెను. 1991లో సీతపాత్రధారిణి దీపికా చిఖలియా వడోదరనుండియు, రావణపాత్రధారి త్రివేది సాబర్‌కాంఠానుండియు లోక్‌సభకు ఎన్నికైరి. 2024లో గోవిల్ మీరట్‌నుండి ఎన్నికైరి. నటుడు ప్రజాసేవకు అనర్హుడని చెప్పుట తగదు. సేవ యెవరు చేసినను సేవయే. ఓటులో ఎంత భాగము మనిషికి పడినదో, ఎంత భాగము కిరీటమునకు పడినదో తూచు త్రాసు ఎవరివద్దను లేదు. కాని ఆ లెక్కను తనలో తాను వేసికొనవలసిన పని మాత్రము వేషము వేసిన ప్రతివానికి గలదు. పగటివేషగాడు ముఖము కడిగికొని వచ్చి అడిగెను. ముఖము కడిగికొనుటకు తగిన కొలను నేటి లోకములో నటునికి దొరకుట కష్టము, ప్రజలు కడుగుకొననీయరు.

పాత్రయొక్క శుచిత్వమును గూర్చి మాటలాడునపుడు ఒక ప్రమాదము కలదు. మడిగట్టుకొన్నవారే దేవుని వేషము వేయవలెనను మూర్ఖత్వములోనికి అది దిగజారవచ్చును. 1884వ సంవత్సరము సెప్టెంబరు 21వ తేదీన కలకత్తాలోని స్టార్ థియేటరులో గిరీశచంద్ర ఘోషు రచించిన ‘చైతన్యలీల’ను చూచుటకు శ్రీరామకృష్ణులు వెళ్లిరి. చైతన్యమహాప్రభువు పాత్ర ధరించినది వినోదినీ దాసి. రంగస్థలమున నటించు స్త్రీలను ఆనాటి పెద్దమనుష్యులు పతితలుగా లెక్కించిరి. పరమహంస వంటివారు అట్టి స్థలమునకు పోవుటయే తగదని శిష్యులు సందేహించిరి. ఆయన పోయిరి, చూచుచు భావసమాధిమగ్నులైరి, నాటక మెట్లున్నదని పిమ్మట ఎవరో అడుగగా, అసలును నకలును ఒక్కటిగనే కన్పట్టినవను భావముతో బదులు చెప్పిరి. తనకు చైతన్యము కలుగునట్లు ఆయన దీవించిరని వినోదిని తన జీవితకథలో వ్రాసికొనెను. ఆ పాత్ర ధరించుటకు ముందు ఆమె గంగాస్నానము చేసి, మహాప్రభువు పాదములను తలచుకొని, వణకుచు రంగస్థలమునకు వచ్చినదట. సంఘము అపవిత్రమన్న పాత్రను ఆమె తన చేతులతో తాను కడిగికొన్నది. అంతకుమించి ఎవరును అడుగుటకు హక్కులేదు.

నమస్కారము తెరవద్ద ఆగక ఎంతదూరము పోగలదో చూపు సంఘటన యొకటి 1988లో జరిగెను. పట్టాభిషేకముతో ధారావాహిక ముగియబోవుచున్నదని తెలిసి ఉత్తరభారతమున పలు నగరములలో పారిశుద్ధ్య కార్మికులు సమ్మె చేసిరి. వారు వాల్మీకిని తమ కులగురువుగా కొలుచువారు. మహర్షి ఆశ్రమమున సీతకు ఆశ్రయమిచ్చిన కథ, లవకుశులకు ఆయన రామాయణము నేర్పిన కథ చూపకుండ ఎట్లు ముగింతురని వారడిగిరి. వీధులలో చెత్త పేరుకొన్నది. తుదకు ఉత్తరరామాయణము ప్రత్యేకముగా నిర్మింపబడి ప్రసారమయ్యెను. తెరపై నీడలకు మ్రొక్కుట వట్టి అమాయకత్వమన్నవారు ఈ సమ్మెను గూర్చి ఏమందురు? ఊరి మురికిని ఎత్తిపోయుచు ఊరివారిచే అంటరానివారని దూరముంచబడిన జనులు, ఆదికవి తమవాడని లోకమంతయు చూచు తెరపై చూడగోరిరి. వారు కోరినది బొమ్మను కాదు.

ఇక మిగిలినది రావణుని వేషము. దేవుని వేషము వేసినవానికి నమస్కారము వచ్చును. దానిని ఏమి చేయవలెనో అతడు చూచుకొనును. రాక్షసుని వేషము వేసినవానికి ఏమి వచ్చును? తిట్లు వచ్చును. పైగా తాను ఎవరిని కొలుచునో ఆ దేవునినే తన నోటితో నిందింపవలసి యుండును.

అరవింద్ త్రివేది భక్తుడు. ఉమర్‌గాఁవ్‌లో చిత్రీకరణమునకు పూర్వము, ఈ నోటితో పలుకనున్న దుర్భాషలను క్షమింపుమని ఆయన రాముని ప్రార్థించెడివారని చెప్పుదురు. మొదట ఆయన ఆశించి వచ్చినది రావణపాత్రకు కాదు. రాముని నావపై గంగ దాటించు పడవవాని పాత్ర చాలునని వచ్చిరి. పాదములు కడిగిననే గాని పడవ యెక్కింపనన్న ఆ భక్తుని పాత్ర! సాగర్ ఆయన నడకను, చూపును చూచి రావణుడు దొరకెనని నిశ్చయించిరట. పాదములు కడుగవచ్చినవానికి సీతను అపహరించు పని దక్కినది. ఇది కఠినమైన సాధన కాదా? రాముని వేషము వేసినవాడు తనకు రాని గుణములను కొంతసేపు ధరించును. అది అతనికి మేలే. రావణుని వేషము వేసినవాడు తనలో నున్నవే ఐన కామక్రోధములను త్రవ్వి పైకి తెచ్చి, వాటికి తన కంఠమును, కన్నులను అరువిచ్చి, పని కాగానే మఱల లోపల పూడ్చవలెను. అంటక చేయుట అతనికే ఎక్కువ అవసరము.

అంటక యుండుట ఎట్లు? విద్యారణ్యస్వామి పంచదశిలో పదియవ ప్రకరణమునకు నాటకదీపమని పేరు పెట్టెను. నాట్యశాలలో దీపమొకటి వెలుగుచున్నది. అది ప్రభువును, సభ్యులను, నర్తకిని ఒకే విధముగా ప్రకాశింపజేయును. నర్తకి బాగుగా ఆడినదని దానికి వెలుగు పెరుగదు, తప్పినదని తరుగదు. అందఱును లేచిపోయిన పిమ్మట శూన్యమైన శాలలోను అది వెలుగుచునే యుండును. అహంకారము ప్రభువు, విషయములు సభ్యులు, బుద్ధి నర్తకి, ఇంద్రియములు తాళము పట్టువారు, వీటినన్నిటిని చూచు సాక్షి దీపము. సాక్షిని మఱచి ఆడువాడు పాత్రలో మునిగి, పాత్రకు వచ్చినదానినంతయు నాదియని పట్టుకొనును. సన్న్యాసి వేషమున వచ్చిన లంకేశ్వరునికి పట్టిన గతి అదియే. సాక్షి మెలకువగా నున్నవాడు రావణునిగా గర్జింపవచ్చును. ఏ దోషమును అతనికి అంటదు.

అధ్యాత్మరామాయణమును, తులసీదాసును అనుసరించి రావణుడు కొనిపోయినది నిజమైన సీతను కాదు, ఛాయాసీతను. అగ్నిప్రవేశ ఘట్టమున సాగర్ ఈ సంప్రదాయమునే స్వీకరించిరి. చారిత్రకదృష్టి గలవారికి ఇది రుచింపదు, అగ్నిపరీక్షలోని కాఠిన్యమును తప్పించుకొను ఉపాయమనియు ఆక్షేపింతురు. ఆ ఆక్షేపణలో పస లేకపోలేదు. ఐనను ప్రస్తుత విషయమున అందొక విశేషము కలదు: నమస్కారమును దొంగిలించినవానికి దొరకినది నీడ మాత్రమే. ఆమె నమస్కారము ఎవరికి చేరవలెనో వారికి చేరియే యుండెను.

2020వ సంవత్సరము మార్చి 28వ తేదీనుండి, మహమ్మారి భయముతో దేశమంతయు ఇండ్లలో తలుపులు మూసికొని యుండగా, దూరదర్శన్ రామాయణ్‌ను మఱల ప్రసారము చేసెను. 1987లో పుట్టని పిల్లలు తాతల ప్రక్కన కూర్చుండి చూచిరి. ఏప్రిల్ మాసమున ఒక చిన్న దృశ్యము దేశమంతట చేతులు మాఱినది. అరవింద్ త్రివేది తన యింట టెలివిజన్ యెదుట కూర్చున్నారు. అప్పటికి ఆయన వయస్సు 81. తెరపై సీతాపహరణము జరుగుచున్నది. మీసముల గంభీరుడైన ఒక రావణుడు, ముప్పదిమూడేండ్ల పూర్వపు తన ముఖమే, సీతాదేవిని బలాత్కారముగా కొనిపోవుచున్నాడు. వృద్ధుడు తెరవైపు చూచుచు మెల్లగా రెండు చేతులు ఎత్తి జోడించెను.